సూట్‌కేసు సర్దకముందే కెమెరా పెట్టె విప్పండి

డిసెంబరులో అరకు వెళ్దామని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. టికెట్లు దొరికాయి, గది దొరికింది. ఆ ఊపులోనే, ఎన్నాళ్ల నుంచో వాయిదా వేస్తున్న కెమెరా కూడా కొనేశారు. మంచిదే. మరి ఆ కెమెరా ఇప్పుడు ఎక్కడుంది? చాలా ఇళ్లలో బీరువాలో ఉంటుంది, సీలు కూడా ఊడని పెట్టెలో. ‘ఇప్పుడే తీస్తే పిల్లలు పాడుచేస్తారు, అక్కడికెళ్లాక చూద్దాం’ అని ఒకరంటారు. ‘రైల్లో బోలెడంత టైముంటుంది, బుక్కు చదువుకోవచ్చు’ అని ఇంకొకరు. వినడానికి రెండూ సబబుగానే ఉన్నాయి. కానీ కొత్త కారు కొన్నవాళ్లెవరూ గేర్లు మార్చడం అనంతగిరి ఘాట్‌రోడ్డు మీద నేర్చుకోవడం మొదలుపెట్టరు కదా!

కెమెరా దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త మనకు గుర్తు రాదు. ఒక్కసారి మీ ప్రయాణాన్ని ముందుగానే ఊహించుకోండి. విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు ఒక సొరంగంలోంచి బయటపడి మరో సొరంగంలోకి దూరేలోపు లోయ కనిపించేది కాసేపే. వంజంగి కొండ మీద నిలబడితే, కింద పరుచుకున్న మేఘాల మీదికి సూర్యుడు వచ్చే వేళ రంగు నిమిషనిమిషానికీ మారిపోతుంది. బొర్రా గుహల్లో వెనక నుంచి జనం వస్తూనే ఉంటారు. సాయంత్రం థింసా నృత్యం ఆడేవాళ్లు, మీరు మెనూలో వెతుక్కునేదాకా అడుగు ఆపి నిలబడరు. వీటిలో ఏ ఒక్కచోటైనా తీరిగ్గా ఆలోచించే వ్యవధి ఉందా? మీరు కెమెరా కొన్నది సరిగ్గా ఈ నాలుగు చోట్ల కోసమే. అందుకే ఈ అధ్యాయంలో చెప్పేది ఒకటే: కెమెరా గురించి మీరు నేర్చుకోవలసింది మాన్యువల్ లావు చూసి భయపడినంత లేదు, చాలా తక్కువ. ఆ కొంచెం మాత్రం వేళ్లకు రావాలి. వేళ్లకు రావాలంటే ఇంట్లోనే, బయల్దేరకముందే, అక్కడ ఎదురయ్యే వెలుగులాంటి వెలుగులోనే చేసి చూసుకోవాలి.

‘ఆటోలో పెడితే అదే చూసుకుంటుందిగా?’ అన్నది అందరూ అడిగే ప్రశ్న. అడగవలసిన ప్రశ్నే. పట్టపగలు, ఎండలో, కదలకుండా నిలబడిన మనుషుల్ని తీయడానికి ఆటో చక్కగా సరిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, మీకేం కావాలో ఆటోకి తెలియదు. మంచు కమ్మిన తెల్లటి లోయ చూపిస్తే వెలుగు ఎక్కువైందనుకుని బూడిదరంగులోకి దించేస్తుంది. గుహ చూపిస్తే చీకటిగా ఉంది కాబట్టి ఫ్లాష్ లేపుతుంది. ఆ ఫ్లాష్ ముందున్న మనిషి ముఖాన్ని సున్నం కొట్టినట్టు చేసి, వెనకున్న రాతి స్తంభాల దాకా పోకుండానే ఆగిపోతుంది. ఆడుతున్నవాళ్ల కాళ్లు మసకగా ఉంటే బాగుంటుందో, స్పష్టంగా ఉంటే బాగుంటుందో అది తేల్చుకోలేదు. అంటే మామూలు ఫోటోలకు ఆటో పనికొస్తుంది. కెమెరా కొనాలనిపించిన ఫోటోల దగ్గరే చేతులెత్తేస్తుంది.

దీనికి తోడు ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. సాధన లేకుండా ఆటోలో తీసిన కెమెరా ఫోటో కంటే, అదేచోట ఫోనుతో తీసింది బాగుండటం మామూలే. ఫోను ఒక్క నొక్కుకి చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి, నీడల్ని లేపి, ఆకాశాన్ని దించి మీ చేతికిస్తుంది. కెమెరా అంత ఉపకారం చేయదు. ‘అరవై వేలు పోసి కొన్నాం, ఫోనే నయం’ అనే నిట్టూర్పు అక్కడే పుడుతుంది, కెమెరా మళ్లీ బీరువాలోకి పోతుంది. కెమెరా బలం వేరేచోట ఉంది. మామూలు మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5 × 15.6 మిల్లీమీటర్లుంటుంది. చాలా ఫోన్ల సెన్సర్ అందులో ఐదోవంతు కూడా ఉండదు. తక్కువ వెలుగు, నిజమైన జూమ్, కదిలే మనుషులు: ఈ మూడుచోట్లా ఆ పెద్ద సెన్సర్, ఆ లెన్స్ మీకు అక్కరకొస్తాయి. అయితే అడిగితేనే. ఎలా అడగాలో నేర్చుకోవడానికి ఓపిక లేదనుకుంటే కెమెరా తిరిగిచ్చేసి ఫోనుతోనే వెళ్లడం తెలివైన పని. అందులో నామోషీ ఏమీ లేదు.

ఓపిక ఉందనుకుందాం. టైమెక్కడిది? ఆదివారం నాలుగు గంటలు కూర్చుని ఒకేసారి పట్టు పట్టేద్దామనుకోకండి. బ్రిటన్‌లో తపాలా ఉద్యోగులకు టైపు నేర్పిస్తూ అలన్ బాడ్లీ, లాంగ్‌మన్ అనే పరిశోధకులు ఒక పరిశీలన చేశారు. 1978లో దాన్ని ప్రచురించారు. రోజుకు గంట చొప్పున నేర్చుకున్నవాళ్లు, రోజుకు నాలుగు గంటలు కూర్చున్నవాళ్ల కంటే తక్కువ గంటలతోనే అదే స్థాయికి చేరుకున్నారు. తమాషా ఏమిటంటే, అసంతృప్తి ఎక్కువున్నది కూడా ఆ రోజుకో గంటవాళ్లలోనే. రోజులు గడుస్తున్నాయి, పని తెమలడం లేదని వాళ్లకు అనిపించింది. మీకూ అలాగే అనిపిస్తుంది. కానీ వేళ్లతో చేసే పని కొంచెం కొంచెంగానే ఒంటబడుతుంది. రాత్రి భోజనాలయ్యాక పావుగంట, రెండు వారాలు. అరకు ప్రయాణానికి అది చాలు. ఇక పనిలోకి దిగుదాం.

1. మొదటి రోజు ఫోటోల సంగతి మరిచిపోయి, కెమెరాను సిద్ధం చేయండి. బ్యాటరీ పూర్తిగా ఛార్జి చేయండి. పెట్టెలో మెమరీ కార్డు ఉంటుందనుకోకండి, సాధారణంగా ఉండదు. వీ30 అని రాసి ఉన్న 64 జీబీ కార్డు ఒకటి తెచ్చుకోండి. 24 మెగాపిక్సెల్ జేపెగ్ ఫోటో ఒక్కోటి సుమారు పది ఎంబీ అనుకుంటే ఆరువేల దాకా పడతాయి, యాత్రకు ధారాళంగా సరిపోతుంది. కార్డును కంప్యూటర్లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. తేదీ, సమయం సరిచేయండి. ఇది చిన్న విషయమనిపిస్తుంది గానీ, సరిచేయకపోతే తిరిగొచ్చాక నలుగురి ఫోన్లలోవీ కెమెరాలోవీ ఒకచోట చేర్చినప్పుడు వంజంగి సూర్యోదయం రాత్రి భోజనం తర్వాత వచ్చి కూర్చుంటుంది. కళ్లజోడు ఉన్నవాళ్లకు ఇంకో ముఖ్యమైన పని: వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఒకటుంటుంది. లోపలి అంకెలు స్పష్టంగా కనిపించేదాకా దాన్ని తిప్పండి. ‘ఈ కెమెరాలో అన్నీ మసగ్గానే కనిపిస్తున్నాయి’ అని షాపుకి తిరిగి వెళ్లేవాళ్లలో కొందరికి కావలసిన మరమ్మతు ఇదొక్కటే.

2. సగం నొక్కడం నేర్చుకోండి. ఫోను అలవాటున్న చేతికి కెమెరా దగ్గర మొట్టమొదట మార్చుకోవలసింది ఇదే. ఫోను మీద వేలితో పొడుస్తాం, అయిపోతుంది. కెమెరాలో బటన్‌కు రెండు మెట్లుంటాయి. సగం నొక్కితే ఫోకస్ చేసుకుని ఆకుపచ్చ గడి చూపిస్తుంది. అక్కడ ఆగి, తర్వాత పూర్తిగా నొక్కాలి. ఒక్క దెబ్బలో ధడాలున నొక్కేస్తే కెమెరా ఫోకస్ అందుకోకముందే చెయ్యి కుదుపుతుంది. టీవీ చూస్తూనే చేయగల అభ్యాసమిది. ఎదురుగా సోఫాలో ఉన్న మనిషి, తర్వాత కిటికీ అవతల తులసికోట, తర్వాత వీధిలో స్తంభం, మళ్లీ సోఫా. సగం, ఆగు, పూర్తి. ఎడమచెయ్యి లెన్స్ కింద అరచేతిలో పట్టినట్టుండాలి, మోచేతులు పక్కటెముకలకు ఆనాలి, వ్యూఫైండర్ కంటికి ఆనాలి. చేతులు ముందుకు చాచి, స్క్రీన్ చూస్తూ తీసే ఫోను భంగిమను ఇంట్లోనే వదిలించుకోండి. ముఖాల్నీ కళ్లనూ గుర్తుపట్టే ఫోకస్ ఉంటే ఆన్ చేసి ఉంచండి. ఈ కాలపు కెమెరాలు మనకు చేసిన అతిపెద్ద సాయం అదే.

3. మూడే నేర్చుకోండి, మిగతా మెనూ జోలికి పోకండి. ఒకటి, ఏ (అపెర్చర్ మీరు పెట్టేది), ఎస్ (షట్టర్ వేగం మీరు పెట్టేది) అనే రెండు మోడ్‌ల మధ్య డయల్ తిప్పడం. కెనాన్‌లో వీటినే ఏవీ, టీవీ అంటారు. కదలని వాటికి ఏ, కదిలే వాటికి ఎస్. రెండు, ప్లస్-మైనస్ గుర్తుండే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే ఫోటో మొత్తాన్ని కొంచెం వెలుగు చేయమనో చీకటి చేయమనో చెప్పే చక్రం. మూడు, ఆటో ఐఎస్‌ఓకి, అంటే వెలుగు తగ్గేకొద్దీ కెమెరా తనంతట తాను పెంచుకునే సున్నితత్వానికి, పైహద్దు పెట్టడం. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: ‘నిజంగా ఫోటోగ్రఫీ తెలిసినవాళ్లు మాన్యువల్ మోడ్‌లోనే తీస్తారటగా?’ తీస్తారు, వెలుగు మారనిచోట. స్టూడియోలో, పెళ్లిమండపంలో వాళ్లు పెట్టుకున్న లైట్ల కింద. సొరంగంలోంచి ఎండలోకి, ఎండలోంచి కొండనీడలోకి దూకే రైల్లో కూర్చుని షట్టర్, అపెర్చర్, ఐఎస్‌ఓ మూడింటినీ చేత్తో మార్చుకుంటూ పోవడం పంతం అవుతుంది, ప్రావీణ్యం కాదు. కెమెరా సొంతంగా లెక్క వేయగలిగినదాన్ని వేయనిచ్చి, అది తప్పు వేస్తుందని మీకు తెలిసినచోట మాత్రం అడ్డుపడండి.

4. అరకును ఇంటికి తెచ్చుకోండి. ఈ అధ్యాయంలో ఒక్కటే చదివి పుస్తకం మూసేస్తానంటే ఇది చదవండి. వెళ్లేచోట ఎదురయ్యే కష్టాలన్నీ చిన్నరూపంలో మీ ఇంట్లో, మీ వీధిలో ఉన్నాయి. వాటి దగ్గర తప్పులన్నీ చేసేయండి, ఖర్చేమీ లేదు.

ముందు రైలు. హైదరాబాదులో ఉంటే మెట్రోనో ఎంఎంటీఎస్‌నో ఎక్కండి, లేదంటే సిటీబస్సు కిటికీ చాలు. ఎస్ మోడ్‌లో షట్టర్ వేగం 1/1000 సెకను పెట్టి బయటికి తీయండి, తర్వాత 1/250, తర్వాత 1/60. దూరంగా ఉన్న భవనం 1/250లో కూడా నిలబడుతుంది, పట్టాల పక్కనున్న చెట్టు మాత్రం 1/1000లో కూడా కొంచెం జారుతుంది. ఈ తేడా ఒకసారి కంటితో చూస్తే రైల్లో మీరు దగ్గరి పొదల మీద ఆశ పెట్టుకోకుండా లోయ అవతలి కొండనే తీస్తారు. విస్టాడోమ్ పెట్టెలో టికెట్ దొరికితే చుట్టూ అద్దాలే కాబట్టి ప్రతిబింబాల బెడద ఉంటుంది. లెన్స్‌ను అద్దానికి వీలైనంత దగ్గరగా పెట్టండి, కానీ ఆనించకండి, అదురు చేతికి వస్తుంది. ముదురు రంగు చున్నీ లెన్స్ చుట్టూ కప్పితే లోపలి లైట్ల మెరుపు పోతుంది. మామూలు పెట్టెలో అయితే తలుపు దగ్గర వేలాడి తీయాలనే బుద్ధి పుడుతుంది. పుట్టనివ్వకండి. సొరంగం గోడలు, సిగ్నల్ స్తంభాలు పట్టాలకు ఎంత దగ్గరగా ఉంటాయో కంటిని వ్యూఫైండర్‌కు ఆనించినవాడికి తెలియదు.

తర్వాత గుహ. రాత్రిపూట గదిలో లైట్లన్నీ ఆర్పి, దేవుడి మందిరంలో చిన్న బల్బు ఒక్కటి ఉంచండి. అంతకంటే బొర్రాను తలపించే వెలుగు ఇంట్లో దొరకదు. ఫ్లాష్ మూసేసి అదే దృశ్యాన్ని ఐఎస్‌ఓ 1600, 3200, 6400, 12800ల దగ్గర ఒక్కోటి తీసి, టీవీకో లాప్‌టాప్‌కో పెట్టి పెద్దగా చూడండి. ఇసుక చల్లినట్టు గరుకుదనం ఎక్కడ మొదలైందో, ఎక్కడ మీకు సహించరానిదైందో మీరే తేల్చుకోండి. ఆ అంకె మీ కెమెరాది, మీ కంటిది. ఎవరి సలహా అక్కర్లేదు. దానికి ఒక మెట్టు ముందు ఆటో ఐఎస్‌ఓ హద్దు పెట్టేయండి. అప్పుడే మందిరం ముందు పిల్లవాణ్ణి నిలబెట్టి కూడా తీయండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే 1/15 దగ్గర కూడా మందిరం చెక్కుచెదరకుండా వస్తుంది, పిల్లవాడు మాత్రం చెదిరిపోతాడు. మీ చేతి వణుకును ఆపడమే దాని పని, వాడి అల్లరిని ఆపడం దాని తరం కాదు. షాపులో ‘ఇందులో షేక్ రాదు సార్’ అని చెప్పినప్పుడు ఈ సగం చెప్పరు. గుహలో రంగురంగుల లైట్లుంటాయి కాబట్టి ఇంట్లో సీరియల్ బల్బులు వెలిగించి, వైట్ బ్యాలెన్స్ ఒకసారి ఆటోలో, ఒకసారి సూర్యుడి బొమ్మ దగ్గర పెట్టి తీసి చూడండి. ఆటో ఆ రంగుల్ని కడిగేయాలని చూస్తుంది, రెండోది ఉన్నవి ఉన్నట్టు ఉంచుతుంది.

ఇక పొగమంచు. డాబా మీద తీగకు తెల్లటి పంచె ఆరేసి, ఫ్రేము నిండా అదే ఉండేట్టు తీయండి. తెల్లగా వచ్చిందా? రాదు. ఉతకని పంచెలా బూడిదగా వస్తుంది. కెమెరా లోపలి మీటరు తన ముందున్నదంతా సగటున ఓ మధ్యరకం ఛాయలో ఉంటుందని నమ్ముతుంది కాబట్టి తెలుపును కిందికి లాగుతుంది. ప్లస్ ఒకటి చేసి మళ్లీ తీయండి, పంచె తెల్లబడుతుంది. ఊళ్లో ఉంటే నల్ల గేదె మీద దీనికి తిరగేసిన ప్రయోగం చేయవచ్చు. గేదె బూడిదరంగులోకి మారుతుంది, మైనస్ ఒకటి చేస్తే మళ్లీ గేదె అవుతుంది. ఈ రెండు ఫోటోలు మీ చేత్తో తీసిన తర్వాత తెల్లవారుజామున లోయ నిండా మంచు కనబడగానే మీ బొటనవేలు దానంతటదే ప్లస్ వైపు కదులుతుంది. మంచులో ఇంకో ఇబ్బంది, ఫోకస్ దొరక్క లెన్స్ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. శూన్యం మీద కాకుండా ఏ చెట్టు మానో, మనిషి అంచో చూసి దాని మీద సగం నొక్కాలి. కిటికీ మీదున్న పలుచటి తెర ఎదుట నిలబడి ఇది కూడా ప్రయత్నించవచ్చు.

థింసా కోసం పిల్లలు ఆడుకునే వేళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి దిగండి. పొద్దుగూకాక, ట్యూబులైటు కింద అయితే మరీ మంచిది. ఎస్ మోడ్‌లో 1/30, 1/125, 1/250, 1/500 వరసగా తీయండి. ఫోకస్‌ను కంటిన్యూయస్‌లో పెట్టండి. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసి వరసగా కదిలే ఆ నృత్యానికి సాధారణంగా 1/250 దగ్గర అంతా నిలుస్తుంది. 1/30 దగ్గర చీరల అంచులు గాల్లో గీతలు గీసినట్టు వస్తాయి, అదీ అందమే. ఏది కావాలో అక్కడికెళ్లాక తేల్చుకోండి, రెండింటినీ చేయడం ఇక్కడే నేర్చుకోండి. ఒక చిన్నమాట: ఆడేవాళ్లు ప్రదర్శనకు వచ్చినవాళ్లయితే సరే, కానీ దారిలో సంతలో కనిపించే గిరిజన స్త్రీల ముఖం మీదికి అడగకుండా లెన్స్ పెట్టకండి. ఒక చిరునవ్వు, ఒక ప్రశ్న, కాదంటే ఇంకో దారి.

సూర్యోదయానికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఉదయం కిటికీకి వీపు పెట్టించి ఎవరినైనా నిలబెట్టి తీస్తే ముఖం నల్లగా వస్తుంది. ప్లస్ చేస్తే ముఖం వస్తుంది, ఆకాశం పోతుంది. ఫ్లాష్ లేపి దగ్గర్నుంచి తీస్తే రెండూ కొంత దక్కుతాయి. లేదా నలుపునే ఒప్పుకుని ఆకారం మాత్రం తీయవచ్చు. మూడూ చేసి చూడండి.

5. తీసినవాటిని చదవండి. ఫిల్మ్ కెమెరా రోజుల్లో 36 ఫోటోల రీలు కడిగించి తెచ్చేసరికి ఏది ఎంతలో తీశామో గుర్తుండేది కాదు, నోట్‌బుక్‌లో రాసుకున్నవాళ్లే నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు ప్రతి ఫోటో తన జాతకం తానే మోసుకు తిరుగుతుంది. ప్లేబ్యాక్‌లో సమాచారం బటన్ నొక్కితే షట్టర్, అపెర్చర్, ఐఎస్‌ఓ అన్నీ కనిపిస్తాయి. పాడైన ఫోటోను వెంటనే డిలీట్ చేసే చేతిని ఆపి, పెద్దది చేసి చూడండి. మసకలో మూడు రకాలున్నాయి. ఫ్రేములో ప్రతిదీ ఒకే దిశలో జారిందంటే మీ చెయ్యి కదిలింది, షట్టర్ వేగం పెంచాలి, లేదా పట్టు మార్చాలి. గోడ స్పష్టంగా ఉండి మనిషి మాత్రం జారితే ఆ మనిషి కదిలాడు, దీనికి షట్టర్ వేగమే మందు. మనిషి మెత్తగా ఉండి అతని వెనకున్న కుర్చీ చురుగ్గా ఉంటే ఫోకస్ తప్పింది, రెండో సూచన దగ్గరికి వెనక్కి వెళ్లాలి. ఈ మూడింటికీ కలిపి ‘షేక్ అయింది’ అని ఒకే మాట అంటూ ఉన్నంతకాలం ఏది సరిచేసుకోవాలో తెలియదు. పావుగంట సాధనలో ఐదు నిమిషాలు దీనికివ్వండి.

6. ఇంట్లో ఇంకొకరికి కూడా నేర్పండి. పాత ఆల్బమ్ తిరగేస్తే ఒకరు ఎప్పుడూ ఉండరు. ఎవరా అని చూస్తే కెమెరా పట్టుకున్నవాళ్లు. మీ ఆవిడకో, పదో తరగతి చదివే అమ్మాయికో సగం నొక్కడం ఒక్కటి నేర్పినా మీరూ ఫోటోలో ఉంటారు. నిజానికి అమ్మాయికి నేర్పితే వారం తిరిగేసరికి ఆమే మీకు నేర్పుతుంది. దారినపోయేవాళ్ల చేతికి ఇవ్వవలసి వస్తే ముందు ఆకుపచ్చ ఆటోలోకి తిప్పి ఇవ్వాలి. ఇక్కడ ఆటోకి సాటి లేదు. పది సెకన్ల సెల్ఫ్ టైమర్ కూడా ఇంట్లోనే ఒకసారి పరుగెత్తి చూసుకోండి. కెమెరా నుంచి ఫోనుకు ఫోటోలు పంపే యాప్ సంగతీ అంతే. దాన్ని దింపుకోవడం, ఖాతా తెరవడం, బ్లూటూత్ కలపడం అన్నీ వైఫై ఉన్న ఇంట్లో పూర్తి చేయండి. సిగ్నల్ ఒక గీతకు పడిపోయే కొండల్లో అత్తగారికి వెంటనే ఫోటో పంపుతానని మాటివ్వకండి.

7. రాత్రి పడుకునే ముందు అన్నీ మామూలు స్థితికి తేవడం అలవాటు చేసుకోండి. కొత్తవాళ్ల ఫోటోలు ఎక్కువగా పాడయ్యేది తెలియక కాదు, నిన్నటి సెట్టింగ్ ఇవాళ కూడా ఉండిపోయి. మంచు కోసం పెట్టిన ప్లస్ ఒకటి మర్నాడు ఎండలో వలిసె పూల తోటను పాలిపోయేలా చేస్తుంది. రైలు కోసం పెట్టిన 1/1000 సాయంత్రానికి ఐఎస్‌ఓను హద్దుకు తోసి, ఆపైన ఫోటోను చీకట్లో ముంచుతుంది. కాంపెన్సేషన్ సున్నా, మోడ్ ఏ, బ్యాటరీ ఛార్జర్‌లో. ఈ మూడూ సాధన చేసే రోజుల నుంచే చేస్తే అక్కడ అలసిపోయిన రాత్రి కూడా చేయి మరచిపోదు. మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీపా కొలత ప్రకారం ఒక ఛార్జికి మూడు, నాలుగు వందల ఫోటోల స్థాయిలో ఉంటాయి. వీడియో తీస్తే ఇంకా తొందరగా అయిపోతుంది. రెండో బ్యాటరీ కొనుక్కోండి. విశాఖ దాకా విమానంలో వెళ్తుంటే విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వేయనివ్వరు. విశాఖలో కెమెరాను ఏసీ గదిలోంచి నేరుగా బీచికి తీసుకెళ్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. సంచి జిప్పు తీయకుండా అరగంట ఓపిక పడితే దానంతటదే సర్దుకుంటుంది.

ఇంత చెప్పాక కూడా ఇద్దరు ఒప్పుకోరు. మొదటాయన కంప్యూటర్ తెలిసినవాడు: ‘రా ఫైల్లో తీసుకుంటాను, వచ్చాక అన్నీ సరిచేసుకోవచ్చు.’ ఆయన మాటలో సగం నిజముంది. రా ఫైల్లో వెలుగును, రంగును జేపెగ్ కంటే ఎంతో వెసులుబాటుగా సరిదిద్దుకోవచ్చు. బూడిద పంచెను తెల్లబరచవచ్చు. కానీ జారిపోయిన కాళ్లను, తప్పిన ఫోకస్‌ను, అసలు తీయలేకపోయిన లోయను ఏ సాఫ్ట్‌వేరూ యథాతథంగా వెనక్కి ఇవ్వలేదు. పైగా తిరిగొచ్చిన సోమవారం నుంచి ఆఫీసు. వందల ఫైళ్ల ముందు కూర్చునేది ఎప్పుడు? కావాలంటే రా, జేపెగ్ రెండూ కలిపి తీసుకోండి, కార్డు ఇంకొకటి కొనండి, సాధన మాత్రం మానకండి.

రెండో ఆమె అభ్యంతరం ఇంకా గట్టిది: ‘కెమెరాలోంచి చూస్తూ కూర్చుంటే ఊరు చూసేదెప్పుడు?’ దీన్ని కొట్టిపారేయడానికి లేదు. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మ్యూజియంలో చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. కేవలం చూసిన వస్తువుల కంటే ఫోటో తీసిన వస్తువుల్ని అందులో పాల్గొన్నవాళ్లు తక్కువగా గుర్తుంచుకున్నారు. అయితే అదే అధ్యయనంలో మరో సంగతి తేలింది. వస్తువులో ఒక భాగాన్ని ఎంచుకుని, జూమ్ చేసి తీసినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. అక్కడ కొలిచింది కెమెరా మెనూల ప్రభావాన్ని కాదు, నిజమే. అయినా దాన్నుంచి ఇంతవరకు ఊహించవచ్చు: యాంత్రికంగా నొక్కుకుంటూ పోవడం ఒకటి, చూసి ఎంచుకుని తీయడం వేరొకటి. రెండోది చేయాలంటే మనసు దృశ్యం మీద ఉండాలి, బటన్ల మీద కాదు. బటన్లు వేళ్లకు వచ్చినవాడికే అది కుదురుతుంది. కాబట్టి ఆమె అభ్యంతరం సాధన వద్దని చెప్పడం లేదు, సాధన లేకుండా వెళ్లొద్దంటోంది. ఆ తర్వాత కూడా బొంగులో చికెన్ తినేటప్పుడు కెమెరా సంచిలో ఉంటే ఎవరికీ నష్టం లేదు.

చివరిగా, ఈ పేజీ చదివేసరికి మీకు రెండు వారాలు లేకపోవచ్చు. రేపు ఉదయమే రైలు, కెమెరా ఇవాళే ఇంటికొచ్చింది. అప్పుడేం చేయాలి? పైన చెప్పినవన్నీ ఈ రాత్రే దిగమింగాలనుకోకండి, నిద్ర పాడవుతుంది. బ్యాటరీ ఛార్జింగ్‌లో పెట్టండి. తేదీ సరిచేసి, కార్డు ఫార్మాట్ చేయండి. వ్యూఫైండర్ చక్రం మీ కంటికి తగ్గట్టు తిప్పుకోండి. ఇంట్లో అందరి ముఖాల్నీ ఒక్కొక్కటిగా సగం నొక్కి, ఆగి, పూర్తిగా నొక్కి తీయండి. ఫ్లాష్ ఎలా మూయాలో, ప్లస్-మైనస్ ఎక్కడుందో ఈ రెండే చూసుకుని కెమెరాను పీ మోడ్‌లో వదిలేయండి. అందులో షట్టర్, అపెర్చర్ అదే చూసుకుంటుంది, ఫ్లాష్ తనంతట తాను లేవదు, ప్లస్-మైనస్ మీ చేతిలో ఉంటుంది. లోయ నిండా మంచుంటే ప్లస్ ఒకటి, గుహలోకి వెళ్తే ఫ్లాష్ వద్దు. ఫోను ఛార్జర్ కూడా సంచిలో వేసుకోండి, ఈసారికి సగం ఫోటోలు దాంట్లోనే తీస్తారు.